నలుగురి కోసం ఒక పాట

1982 జనవరిలో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంటి పడకగదిలో కూర్చుని రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన కొత్త పాటలు టేపు మీదికి ఎక్కించుకున్నాడు. అప్పటికే అతను కచేరీ చేస్తే పెద్ద పెద్ద హాళ్లు నిండిపోతున్నాయి. ఏ స్టూడియో కావాలంటే ఆ స్టూడియోకి వెళ్లగల స్థోమత ఉంది. ఆ గదిలో మాత్రం ఒక గిటారు, మౌతార్గాన్, షూర్ ఎస్‌ఎం57 మైకులు రెండు, మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే టీయాక్ పోర్టాస్టూడియో 144 ఉన్నాయి. తన బ్యాండు వాళ్లకు వినిపించి నేర్పడానికి చేసుకున్న నమూనాలవి. ఆ క్యాసెట్‌ను డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని కొన్నాళ్లు తిరిగాడు. తర్వాత అవే పాటలు బ్యాండుతో కలిసి స్టూడియోలో వాయించి చూశారు. పడకగదిలో పలికిన ఒంటరితనం అక్కడ పలకలేదు. చివరికి జేబులో తిరిగిన ఆ రికార్డింగులే 1982 సెప్టెంబరు 30న ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలయ్యాయి.

ఇలాంటి కథ చెప్పి ‘మీరూ స్టార్ కావచ్చు’ అని ఊరించడం వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు అలవాటు. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. పాడుతున్నప్పుడు స్ప్రింగ్‌స్టీన్‌కు తన పాట వినబోయేదెవరో తెలుసు. బ్యాండులోని కొద్దిమంది, మేనేజరు. వాళ్ల ముందు గొప్పలకు పోవాల్సిన పనిలేదు. ఇంట్లో సరదాగా పాట రికార్డు చేసుకుని స్నేహితులకు పంపాలనుకునే బ్యాంకు ఉద్యోగికీ, టీచరుకీ, రిటైరైన ఇంజనీరుకీ ఆ వెసులుబాటు మొదటి రోజు నుంచే ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. ఊరూ పేరూ తెలియని లక్షమంది శ్రోతలను ఊహించుకుని, వాళ్లకు జడిసి, పాట సగంలోనే ఆపేస్తారు.

వినేవాళ్ల పేర్లు రాసుకోవడం

మొదటి పని మైకు కొనడం కాదు. ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసుకోవడం. కాలేజీలో పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు, మేనత్త, పాత ఆఫీసు సహోద్యోగి, పాటంటే చెవికోసుకునే పక్కింటాయన... ఎవరైనా సరే, పాట వాళ్లకోసమే. ఏ పాట ఎంచుకోవాలి, ఎంత నిడివి ఉండాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఆ పేర్లలోంచే వస్తాయి.

దీనికి విరుద్ధంగా సాగే ఉత్సాహం ఒకటుంది. పాట ఇంకా పల్లవి దాటదు, ఈలోగా యూట్యూబ్ చానెల్‌కు పేరు, లోగో, పరిచయ వాక్యం సిద్ధమైపోతాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

1980లలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో డేనియల్ జాన్‌స్టన్ అనే కుర్రాడు మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ, చవక టేప్‌రికార్డరులో పాడుకున్న సొంత పాటల క్యాసెట్లకు తానే బొమ్మలు గీసి, కనిపించినవాళ్లకు ఇచ్చేవాడు. కాపీలు తీసే ఏర్పాటు లేని తొలి రోజుల్లో ఎవరైనా క్యాసెట్ అడిగితే, ఆ పాటలన్నీ మళ్లీ మొదటి నుంచి పాడి రికార్డు చేసి ఇచ్చేవాడు. గొంతు వణికేది, టేపు గరగరలాడేది. అయినా అవి చేతులు మారుతూ ఊరంతా తిరిగాయి. 1992లో ఎంటీవీ అవార్డుల వేడుకకు నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కోబేన్ ఆ క్యాసెట్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకు వచ్చాక లోకం అతని వైపు తిరిగింది. అప్పటికి ఆ పాటలు పుట్టి దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లలో చాలావరకు వాటికి చేతి నుంచి చేతికి అందించిన శ్రోతలే దిక్కు.

ఈ తరం ఉదాహరణ గాయని బిల్లీ ఐలిష్. 2015 నవంబరులో, పదమూడేళ్ల వయసులో ఆమె ‘ఓషన్ ఐస్’ అనే పాటను సౌండ్‌క్లౌడ్‌లో పెట్టింది. అన్న ఫినియస్ రాసి, ఇంట్లోనే రికార్డు చేసిన పాట అది. ఆమె డాన్స్ టీచరు నృత్యం సమకూర్చడానికి ఒక పాట అడిగారు. ఆ ఒక్క టీచరుకు అందించడానికే దాన్ని అక్కడ పెట్టారు. ఆ తర్వాత వచ్చిన పేరు, 2020 గ్రామీల పంట అందరికీ తెలిసినవే. పాట పూర్తికావడానికి మాత్రం ఒక టీచరు ఎదురుచూపు సరిపోయింది.

ముందు గది, తర్వాత మైకు

ఇంటి రికార్డింగు ‘ఇంటి రికార్డింగులా’ వినిపించడానికి సాధారణంగా కారణం మైకు కాదు, గది. ఖాళీ గోడలు, మార్బుల్ నేల, తలుపుల్లేని అరలు ఉన్న హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూస్తే చాలు, చప్పుడు గోడల మధ్య గిలగిలా కొట్టుకుంటుంది. గొంతుతో పాటు ఈ ప్రతిధ్వని కూడా మైకులోకి వెళుతుంది. ఒకసారి రికార్డయ్యాక దాన్ని తీసేయడం చాలా కష్టం. అందుకే గది మార్చడం అన్నిటికన్నా చవకైన ఉపాయం. పరుపు, దిండ్లు, కర్టెన్లు ఉన్న పడకగది మంచిది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా నిలబడి పాడితే ఇంకా మంచిది. వెనక తాడు మీద రెండు దుప్పట్లో ఒక బొంతో వేలాడదీస్తే వీపు వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమూ తగ్గుతుంది. స్నానాలగదిలో గొంతు బాగున్నట్టే అనిపిస్తుంది కానీ, ఆ మోత శాశ్వతంగా పాటకు అంటుకుపోతుంది. కావాలంటే ఈకో తర్వాత కలుపుకోవచ్చు. ఉన్నదాన్ని తీయడమే కష్టం.

తర్వాత తెలుగిళ్ల శత్రువులు: సీలింగ్ ఫ్యాను, కూలరు, ఇన్వర్టరు, ఫ్రిజ్, కుక్కరు విజిల్, వీధిలో కూరగాయల బండి మైకు. ఫ్యాను గాలి నేరుగా మైకును కొడితే గొంతు తునకలు తునకలుగా వినిపిస్తుంది. ఎండాకాలంలో ఫ్యాను ఆపి మధ్యాహ్నం పాడటం శిక్షే కనుక తెల్లవారుజామున కూర్చోవడం మేలు. ఫ్రిజ్ ఆపాల్సి వస్తే స్కూటరు తాళం అందులోనే పెట్టాలి, లేకపోతే మళ్లీ వేయడం మరిచి పాలు విరిగిపోతాయి. సినిమా షూటింగుల్లో సౌండ్ మనుషులు ఎప్పటినుంచో పాటించే చిట్కా ఇది.

మైకుకు నోటికి మధ్య జానెడు దూరం ఉంటే చాలు. దూరం రెట్టింపైతే నేరుగా చేరే గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. గది మోత మాత్రం తగ్గదు. అందుకే దూరంగా పెట్టిన ఫోనులో పాట ఎవరో పక్కగదిలో పాడినట్టు ఉంటుంది. మరీ దగ్గరికి జరిగితే ‘ప’, ‘ఫ’, ‘భ’ లాంటి అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగులుతుంది. అలాంటప్పుడు మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు, బుగ్గ వైపు జరపాలి.

చేతిలో ఉన్న ఫోను

ఫోనుతో తీసిన సంగీతం ఎంత దూరం వెళ్లగలదో అమెరికా సంగీతకారుడు స్టీవ్ లేసీ చూపించాడు. ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ 2017 ఆల్బమ్ ‘డామ్’లోని ‘ప్రైడ్’ పాటకు సంగీతాన్ని అతను ఐఫోన్‌లో, గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌లో కట్టాడు. గిటారును చిన్న అడాప్టరుతో ఫోనుకు తగిలించడం, గొంతును ఫోను మైకులోనే పాడటం, అంతే. ఆ ఆల్బమ్‌కు 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఐఫోన్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ల్యాబ్, కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితంగానే దొరుకుతాయి. ఒక ట్రాక్ మీద ఇంకో ట్రాక్ వేసుకోవడం, తప్పు పోయిన లైను కత్తిరించి మళ్లీ పాడటం, హెచ్చుతగ్గులు సరిచేయడం లాంటి పనులన్నీ వీటితో అయిపోతాయి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే వైరున్న కాలర్ మైకు మొదటి ఏడాదికి సరిపోతుంది. పాడుతూ వినే ఇయర్‌ఫోన్స్‌కూ వైరుండటం ముఖ్యం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, వాటిలో ట్రాక్ వింటూ పాడితే గొంతు తాళం వెనకాలే పరుగెడుతుంది.

రికార్డు నొక్కే ముందు పాటలో అన్నిటికన్నా గట్టిగా అందుకునే చోటు ఒకసారి పాడి చూసుకోవాలి. తెర మీద మీటరు ఆ చోట సున్నాకు ఆరు డెసిబెల్స్ కింద ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని తీసుకునే స్థాయి) పెట్టుకుంటే చాలు. ఎర్రగా మారితే గొంతు చీలిపోతుంది, దాన్ని తర్వాత అతికించడం కుదరదు. మెల్లగా రికార్డయినదాన్ని మాత్రం ఎప్పుడైనా పెంచుకోవచ్చు.

మొదటిసారి విన్నప్పుడు తన గొంతు తనకే నచ్చకపోవడం అందరికీ జరిగేదే. మనిషి తన గొంతును గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వింటాడు. ఎముకల దారిలో మంద్రధ్వనులు ఎక్కువగా చేరి గొంతు నిండుగా తోస్తుంది. రికార్డింగులో ఆ దారి ఉండదు కనుక పీలగా, పరాయిగా వినిపిస్తుంది. స్నేహితులకు మాత్రం అదే అలవాటైన గొంతు, వాళ్లెప్పుడూ వింటున్నది దాన్నే.

శ్రుతి, తాళం, టేకులు

సినిమా పాటను అసలు శ్రుతిలోనే పాడాలన్న పంతం చాలామంది గొంతు నొక్కేస్తుంది. కచేరీల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిలో, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడటం మామూలే. ఎవరి గొంతుకు ఏది నప్పుతుందో చూసుకుని కరోకె ట్రాక్‌ను యాప్‌లోనే ఒక మెట్టో రెండు మెట్లో దించుకోవచ్చు. చరణంలో పైస్థాయి తేలిగ్గా అందితే శ్రుతి కుదిరినట్టే. తంబూరా యాప్ వాడేవాళ్లు దాన్ని ఇయర్‌ఫోన్స్‌లోనే వినాలి, స్పీకరులో పెడితే అదీ గొంతు ట్రాకులోకి దూరుతుంది. చివర్లో తంబూరాను వేరే ట్రాకుగా కలుపుకుంటే ఎంత కావాలో అంతే వినిపించవచ్చు.

టేకులకు ఒక హద్దు ఉండాలి. మొదటి నుంచి చివరి దాకా మూడు టేకులు పాడి, వాటిలో మంచిది ఎంచుకుని, అందులో చెడిన లైన్లను మాత్రం మళ్లీ పాడి అతికించుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. నలభయ్యోసారికి శ్రుతి కుదరవచ్చు కానీ ప్రాణం ఎగిరిపోతుంది. ప్రతి టేకుకూ ముందు మూడు నాలుగు సెకన్లు మౌనంగా రికార్డు చేసుకుంటే గది హోరు ఎలా ఉందో యాప్‌కు తెలుస్తుంది. ఆడాసిటీలో ఆ నమూనా ఆధారంగానే హోరును తగ్గించవచ్చు.

ఇంటి చప్పుళ్లన్నీ శత్రువులు కావు. సిడ్నీలో రోడ్డు దాటే చోట వినిపించే సిగ్నల్ శబ్దాన్ని బిల్లీ ఐలిష్ ఫోనులో రికార్డు చేసుకుంది, అది ‘బ్యాడ్ గై’ పాటలో తాళంలో భాగమైంది. రోకలి దెబ్బ, గిన్నె మీద గరిటె మోత కావాలని తీసుకుంటే అవీ వాయిద్యాలే.

హైదరాబాద్ గొంతు, డల్లాస్ గిటారు

వీడియో కాల్‌లో ఇద్దరు కలిసి పాడబోయి నవ్వులపాలవడం ప్రవాస తెలుగువాళ్లకు బాగా తెలుసు. తప్పు ఎవరిదీ కాదు. హైదరాబాద్‌కు డల్లాస్‌కు దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక తిన్నగా తీగ వేసినా ఒక వైపుకే 70 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో ధ్వని ఆ వ్యవధిలో 24 మీటర్లు వెళుతుంది. అంటే, గాయకుడికీ తబలా అతనికీ మధ్య 24 మీటర్ల దూరం పెట్టి కచేరీ చేయమన్నట్టు. నిజంలో తీగలు వంకర్లు తిరుగుతాయి, యాప్‌లు మరికొంత ఆలస్యం కలుపుతాయి. అందుకే తాళం కుదరదు.

దీనికి మార్గం వంతులవారీగా పాడటం. స్మ్యూల్ యాప్‌లో డ్యూయెట్లు నడిచేది ఇలాగే: ఒకరు తమ భాగం పాడి వదిలితే రెండోవాళ్లు తీరిగ్గా వచ్చి కలుపుతారు. సొంతంగా చేసుకునేటప్పుడు ముందు ఒకరు తాళం, శ్రుతి ఉన్న ‘గైడ్ ట్రాక్’ తయారుచేయాలి. దాని మొదట్లో ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని చెప్పి ఒక చప్పట కొట్టాలి. మిగతావాళ్లు గైడ్‌ను ఇయర్‌ఫోన్స్‌లో వింటూ, అదే చోట తామూ చప్పట కొట్టి తమ భాగం వాయిస్తారు. చివరికి ఫైళ్లన్నీ ఒకరి దగ్గర చేరినప్పుడు చప్పట్లన్నీ ఒకే గీత మీదకు జరిపితే పాట కుదురుకుంటుంది. నలుగురు స్నేహితుల్లో పాడలేని ఒకరుంటే ఆ కలిపే పని వాళ్లకు అప్పగించవచ్చు. మిక్సింగ్ మీద మోజు పుట్టేది చాలాసార్లు అలాగే.

మిక్సింగ్‌లో మొదట నేర్చుకోవాల్సింది తీసేయడం. గొంతు ట్రాకులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తే ఇంటి కరెంటు గుయ్ మనే 50 హెర్ట్జ్ మోతలో మూలస్వరం, బల్ల కదలికలు పోతాయి. ఈకో ఎంత కావాలనిపిస్తే అందులో సగం పెట్టాలి. పూర్తయ్యాక ఇయర్‌ఫోన్స్‌లో, ఫోను స్పీకరులో, కారులో వినాలి. మూడు చోట్లా మాటలు తెలిస్తే మిక్సింగ్ ముగిసినట్టే.

పంపడం, అడగడం

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే పాట బాగా కుదించుకుపోతుంది, మాటల కోసం చేసిన ఏర్పాటు అది. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. సీడీ నాణ్యత గల వేవ్ ఫైలు నాలుగు నిమిషాల పాటకు 40 ఎంబీ దాటుతుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే పది ఎంబీ లోపే. స్నేహితులకు ఎంపీ3 పంపి, వేవ్‌ను దాచుకోవాలి.

వందమంది ఉన్న కుటుంబ గ్రూపులో పడేస్తే వచ్చేవి బొటనవేళ్లు, పూలగుత్తులు. విడివిడిగా పంపితే జవాబులు వస్తాయి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్’ అంటారు, పాపం వాళ్లేమంటారు! ‘రెండో చరణంలో మాటలు తెలిశాయా?’, ‘గొంతుకన్నా కీబోర్డు ఎక్కువైందా?’ అని అడిగితే పనికొచ్చే మాట దొరుకుతుంది. మంచి స్పీకరు ఉన్న ఎవరింట్లోనైనా నెలకో సాయంత్రం కూడి ఒకరి పాటలొకరు వినడం అన్నిటికన్నా మంచి ఏర్పాటు.

బహిరంగంగా పెట్టేటప్పుడు హక్కుల సంగతి చూసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచన మీద హక్కులు రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటాయి. సినిమా పాటను యూట్యూబ్‌లో పెడితే దాని యంత్రాంగం బాణీని గుర్తుపట్టి, వీడియోను హక్కుదారుల ఖాతాకు ముడిపెట్టడమో ఆపేయడమో జరగవచ్చు. 1847లో కన్నుమూసిన త్యాగరాజు కృతులకు ఆ చిక్కు లేదు. అన్నమయ్య విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. సాహిత్యం ఐదు శతాబ్దాల కిందటిదే అయినా, ఇప్పుడు పాడుకుంటున్న బాణీల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. ఇంట్లో అమ్మమ్మ పాడే లాలిపాట, దంపుళ్ల పాట, అప్పగింతల పాట రికార్డు చేయడం ఈ హాబీలో అన్నిటికన్నా విలువైన పని. అయితే ఆవిడను అడిగి, ఎవరెవరికి పంపుతున్నారో చెప్పి చేయాలి.

పేర్లు చెప్పి దాచుకోవడమూ నేర్చుకోవాలి. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఒక హోటల్ గదిని తాత్కాలిక స్టూడియోగా మార్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కనుక, అక్కడివాళ్లు ఆ మాట విని సరైన పేరు ముద్రించేవాళ్లు. ఇంటి రికార్డింగుకూ ఇది పనికొస్తుంది. టేకు చివర పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ చెప్పేస్తే ‘న్యూ రికార్డింగ్ 47’ ఎవరిదో ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెలుస్తుంది.

నాలుగు వారాల పని

గడువు లేకపోతే హాబీ అటకెక్కుతుంది. అమెరికాలో 2004లో బర్ సెటిల్స్ కొందరు మిత్రులతో మొదలుపెట్టిన ‘ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్’ లక్ష్యం ఫిబ్రవరి 28 రోజుల్లో 14 పాటలు, అంటే రెండు రోజులకు ఒకటి. అంత వేగంలో మెరుగులు దిద్దుకునే తీరిక ఉండదు, పూర్తిచేయడం ఒక్కటే అలవాటవుతుంది. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లు నెలకు ఒకటితో మొదలుపెట్టవచ్చు.

మొదటి వారం: నాలుగు పేర్లు, ఒక పాట. ఇంట్లో ప్రతి గదిలో చప్పట్లు కొట్టి చూసి, చోటు ఖాయం చేసుకోవాలి.

రెండో వారం: శ్రుతి కుదుర్చుకుని, తాళంతో గైడ్ ట్రాక్. రోజుకు పావుగంట సాధన.

మూడో వారం: ఒక తెల్లవారుజామున మూడు టేకులు. మరునాడు కాస్త ఎడం ఇచ్చి విని, చెడిన లైన్లు మాత్రం మళ్లీ పాడటం.

నాలుగో వారం: మిక్సింగ్‌కు రెండు సాయంత్రాలు, అంతకుమించి వద్దు. శనివారం రాత్రి నలుగురికీ విడివిడిగా డాక్యుమెంట్‌గా పంపి, ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడగాలి. వేవ్ ఫైలును పాట పేరు, పాడినవాళ్ల పేరు, తేదీతో భద్రపరిచి, ఒక కాపీని ఫోనులో కాకుండా వేరే డ్రైవులో ఉంచాలి. వచ్చిన జవాబుల్లో ఒక్కటి ఎంచుకుని, రెండో పాటలో దాన్ని సరిచేసుకోవాలి.